బదులు

మూడు రోజులు.
నేనే నీకు బాకీ, సరోజనా.
పత్తిల రెండు కలుపులు, మక్క కంకులు ఇరిసింది ఒకరోజు.
ఏడ రాయలే. బదులుకు కాయితం ఎవలు రాస్తరు?
ఇయ్యాల నా చేన్ల నువ్వు, రేపు నీ చేన్ల నేను,
నడుమల పైసలు లేవు, సద్ది ముల్లె ఒకటే.

ఓదెలు బోరుబండి మీద పోయిండు
నాగపూర్ దాటి, ఇంకా అవతలికి.
మీ చేన్ల రెండు బోర్లు దుబ్బ కక్కినంక
మందికి నీళ్లు తోడవెట్ట పోయిండు.
మూడో ఏట దగ్గుకుంట బస్సు దిగిండు.
టీబీ అన్నరు మొదలు. మల్ల ఇంకోటన్నరు, చిన్నగ.
ఎడ్లు పరకాల అంగట్ల పోయినయి,
ఒర్రె పక్క ఎకరం దవాఖాన్ల పోయింది.
ఆయనెంబడి పోయినవాటికి మాత్రం ఎవలూ ధర కట్టలే:
ఏ మూల చౌడు తేలుతదో,
ఏ మబ్బును నమ్మి ఇత్తనం పెట్టాలెనో,
ఎంత సన్న తీగెకు స్టార్టర్ నిలుస్తదో.

బీమారి పేరు ఊర్లెకు మీ కన్న ముందే బస్సు దిగింది.
ఆ ఏడు పునాస కలుపులకు
నీకు బదులు రావాల్సినోళ్లం పదకొండు మందిమి.
ఒకామెకు చుట్టాలచ్చిండ్రు. ఒకామెకు నడుము వట్టింది.
నేను సాకు సుత జెప్పలే,
తలుపు తియ్యలే.
గొళ్లెం నీకినబడేటట్టు పెట్టిన్నో, కినబడకుంట పెట్టిన్నో
ఇప్పటికీ తెల్వదు.

గరిక పత్తిని మింగింది.
ఏడో తరగతి రవళి
బడిసంచి దూలానికి తగిలేసి కుర్పి వట్టింది.
మల్లేడు ఆ పిల్ల పెట్టిన సాళ్లు
గీతల్లేని కాయితం మీద రాసినట్టు పక్కకు వాలినయి.

రేషన్ కార్డుల ఓదెలు పేరు కొట్టేసిండ్రు,
ఆరు కిలోలు తగ్గినయి.
సచ్చినోడు తినడు, డీలరు చెప్పింది నిజమే.
కని ఆఖరి ఏడాది ఆయన మింగలేక ఇడిసిన బియ్యమే
మీ ఇద్దరిని సాదింది.
ఆ లెక్క ఏ కార్డుల ఉన్నది?

నెలకోసారి ఎమ్జీఎంకు పోతవ్ గోలీలకు,
పొద్దుగాల మొదటి బస్సు, ఒకరోజు కైకిలి పోగొట్టుకొని.
"కడుపునిండ తిని ఏసుకో, పప్పు, గుడ్డు మరువకు"
అన్నదట అక్కడి అక్క.
"పత్తి పండిస్తమమ్మా" అన్నవట నువ్వు.
ఆమెకు సమజ్ కాలే.
బీమారున్నప్పుడు కానరాని ఆకలి
గోలీలు వట్టినంక వచ్చింది,
చెప్పకుంట వచ్చిన సుట్టం లెక్క గడపల కూసున్నది.

రాత్రి ఎనిమిదికి నీ ఫోను మోగుతది.
మోటరుకు కరెంటొచ్చిందనుకుంటరు తొవ్వల పోయెటోళ్లు.
నేను గోడకు ఇవతల
నోటి కాడి ముద్ద ఆపుకొని ఇంట:
ముందు పళ్లెం సప్పుడు రావాలె, తర్వాత నీళ్ల సప్పుడు.
కొన్ని రాత్రులు నీళ్ల సప్పుడే వచ్చింది.

ఈ ఏడు నువ్వు అర ఎకరం పత్తి బంద్ వెట్టినవ్.
పచ్చజొన్న, నడుమ కంది, గట్టు పొంటి అనుములు.
జొన్నకు అప్పు ఎవలిస్తరని ఇత్తనాల సేటు నవ్విండట.
నువ్వు అడగనే లేదట.
మీ అవ్వ కుండల దాసిన గింజలు కొంగుల కట్టుకొచ్చినవ్.

పెద్ద పుష్యాల ముసురు ఇడిసిన పొద్దు
కుర్పి వట్టుకొని నీ గట్టు మీద నిలవడ్డ.
రా అనలే నువ్వు, పో అనలే.
గడ్డమెత్తి ఒక సాలు జూపినవ్,
అన్నిట్ల గడ్డి ఎక్కువున్న సాలు.

పగటీలి సద్దికాడ రవళికి చెప్పిన:
ఆ మూల చౌడు బిడ్డా,
మీ నాయిన అండ్ల ఉలవలే చల్లేటోడు, అదీ ఆఖర్న.
పిల్ల లేచి పోయి
అక్కడి మట్టి నాలికెకు రాసుకొని చూసింది.

పొద్దుగూకింది.
కాల్వల కాళ్లు కడుక్కుంట అన్నవు,
"చౌడు ముచ్చట బదుల్ల జమ కాదు.
ఇంక రెండు."